వంతెన దాటాక మాట లేదు

సెలవు రోజు కాబట్టి తపాలా విమానం నడిపే పైలట్ పొద్దున్నే పెద్ద పథకమే వేసుకున్నాడు. వంతెన దాటి అవతలి గట్టున ఉన్న మంగలి దుకాణంలో క్షవరం చేయించుకోవడం, తిరిగి రావడం. అంతే. ఇంట్లో ఇంకో మనిషి లేనివాడికి సెలవు రోజు ఎంత పొడుగో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఆకాశంలో ఆయనకు ఈ బాధ లేదు. ఒక్కడే ఎగురుతున్నా, దారిలో గుర్తు పెట్టిన చోటు వచ్చినప్పుడల్లా రేడియోలో చెప్పాలి: నేను ఫలానా, ఫలానా చోట ఉన్నాను, ఇంత ఎత్తున ఉన్నాను, తరువాత ఫలానా చోటికి ఇన్నింటికి చేరతాను. కింద నుంచి ఒక గొంతు ఆ ముక్కలన్నీ తిరిగి అప్పజెప్పి "అర్థమైంది" అంటుంది. చెప్పిన వేళకు మాట రాకపోతే వెతుకులాట మొదలవుతుంది. నేల మీద అలా అడిగే నాథుడు లేడు. అందుకని కింది వాటాలో బట్టలు కుట్టే అక్కకు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆమె నవ్వింది. తరువాత తరువాత ఆమె కూడా గొంతు బిగించి "అర్థమైందిలే, వెళ్లిరా" అనేది.

ఆ రోజు మెట్ల మీద నుంచే కేకేశాడు. "అక్కా! పైనుంచి దిగుతున్నా. వంతెన దాటి అవతలికి. పదింటికల్లా చేరి ఫోన్ చేస్తా!"

జవాబు లేదు. మళ్లీ చెప్పాడు. కుట్టుమిషన్ చప్పుడే. లోపల అక్క తల ఊపింది. నోటినిండా గుండుసూదులు పెట్టుకున్న మనిషి అంతకంటే ఏం చేస్తుంది? ఆ ఊపిన తల మెట్ల మీది మనిషికి కనబడలేదు.

విసిగిపోయింది కాబోలు అనుకున్నాడు. జీతం తీసుకునేవాళ్లు తప్ప తన మాట ఎవరు వింటారు? మనసు చివుక్కుమంది. ఫోన్ ఆపేసి, క్షవరం మానేసి, వంతెనకు కాస్త దూరంగా ఏటి ఒడ్డున ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు.

పదయింది. అక్క ఫోన్ చేసింది, మోగలేదు. మంగలికి చేసింది, రాలేదన్నాడు. మిషన్ ఆపేసి విమానాశ్రయానికే చేసింది. అక్కడ ఎత్తింది సాక్షాత్తూ ఆ రేడియో గొంతే.

"అయ్యా, మీ తపాలా పైలట్ పత్తా లేడండీ!"

రేడియో మనిషి అప్పుడే డ్యూటీకి వచ్చాడు. ఎవరికి సెలవో ఇంకా చూసుకోలేదు. "చివరిసారి ఏమని చెప్పాడమ్మా?"

"పైనుంచి దిగుతున్నా అన్నాడు."

"తరువాత ఎక్కడికన్నాడు?"

"వంతెన దాటి అవతలికి. పదింటికి మాట్లాడతానన్నాడు. వంతెన దగ్గర కొట్టువాడు చూశాట్ట కానీ, ఆ తరువాత ఏ కబురూ లేదు!"

పైనుంచి దిగుతూ, వంతెన దగ్గర కనబడి, ఆపైన మాట లేదు. విమానమే ఏట్లో పడిందనుకున్నాడు రేడియో మనిషి. కుర్చీ రెండోవాడికి అప్పగించి పరుగెత్తాడు. ఎన్నాళ్లుగానో పని లేక ఆవులిస్తున్న ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వెనకే బయల్దేరింది. షెడ్డు తలుపు తీస్తే విమానం ఎదురుగానే ఉండేది. తలుపు తీసే తీరిక ఎవరికుంది?

ఊరంతా ఏటి దగ్గరకు చేరింది. పైలట్ రాయి మీద నుంచి లేచాడు.

"ఏమైందండీ?"

"విమానం నీళ్లలో పడిందట! పాపం, లోపల ఒక్కడే."

పైలట్ ఏటివైపు చూశాడు. ఎవరో తనలాంటివాడే! చొక్కా విప్పి, నడుం లోతు నీళ్లలోకి దిగి, కనబడ్డ పడవ ఎక్కాడు. అందులో అప్పటికే ఒక బట్టతలాయన నీళ్లలోకి తొంగి చూస్తున్నాడు. ఇంతమంది వెతుకుతున్నారు, అదృష్టవంతుడు, అనుకున్నాడు పైలట్. తను మునిగితే ఒడ్డున ఒక్క మనిషైనా ఆగుతాడా?

ఇసుకదిబ్బ దాకా వచ్చాక, ఒడ్డున ఉన్నవాళ్లకు వినబడేలా అలవాటు చొప్పున అరిచాడు. "మొదటి పడవ! ఇసుకదిబ్బ దగ్గర ఉన్నాం! తరువాత పాత రేవు, పదిహేను నిమిషాల్లో!"

"మొదటి పడవ, ఇసుకదిబ్బ, తరువాత పాత రేవు, పదిహేను నిమిషాలు. అర్థమైంది," అంది పక్కనుంచి ఒక గొంతు.

ఇద్దరూ తలలు తిప్పారు. ఇన్నేళ్లలో ఒకరి మొహం ఒకరు చూడడం అదే మొదలు.

"నువ్వు... నీళ్లలో కదా ఉండాలి?" అన్నాడు రేడియో మనిషి.

"మీరు వెతికేది నన్నేనా?" అన్నాడు పైలట్.

"మరెవర్నయ్యా!"

ఒడ్డుకు చేరాక అక్క తిట్లకు అంతు లేదు. "జవాబు రాకపోతే లోపలికొచ్చి చూడలేవూ? గుండుసూదులు మింగి చెప్పమంటావా?" పైలట్ తడిసిన లాగుతో నిలబడి ఒక్క తిట్టూ పోనివ్వకుండా విన్నాడు. ఫైరింజన్ వాళ్లు మాత్రం మొహాలు మాడ్చుకుని వెళ్లిపోయారు.

మర్నాడు మబ్బుల మీద ఒక్కడే ఎగురుతూ తన చోటూ ఎత్తూ చెప్పాడు. "అర్థమైంది" అంది గొంతు. కాసేపు గరగర. తరువాత ఎప్పుడూ లేనిది, "తిన్నావా?" అని అడిగింది.

అలాంటి ప్రశ్నకు ఎలా బదులివ్వాలో ఎవరూ నేర్పలేదు కనుక, పైలట్ తిన్నానని అబద్ధమాడాడు.