శవానికి ఆకలేస్తోంది

నవల రాయాలని కలలు కనే ఆడవాళ్ళందరికీ ఒక మంచిమాట చెబుతాను. కలం తర్వాత కొనుక్కోవచ్చు. కాగితాలకూ తొందర లేదు. ముందు ఒక రిటైరైన మొగుణ్ణి సంపాదించండి!

నవ్వకండి. అరవై దాటాక మొదటి నవల పూర్తి చేసినదాన్ని, అనుభవంతో చెబుతున్నాను. రాయడానికి ఏకాంతం కావాలి, ప్రశాంతత కావాలి, కిటికీలోంచి సరస్సు కనిపించాలి అని చెప్పేవాళ్ళను నమ్మకండి. మా మత్సుయే ఊరికి సరస్సు కరువా? రోజూ దాని ఒడ్డున కూర్చునేవాళ్ళలో నవల రాసినవాళ్ళెందరు? పులుసులోకి గుల్లలు ఏరుకునేవాళ్ళే ఎక్కువ.

నా పేరు అదాచి చిజురు. చిన్నప్పుడు క్లాసులో లేచి నిలబడి, పెద్దయ్యాక రచయిత్రినవుతానని చెప్పాను. పెద్దయ్యాక డిపార్ట్‌మెంట్ స్టోరులో చేతి తొడుగుల కౌంటర్ వెనక నిలబడ్డాను. ఆ తర్వాత పెళ్ళి, కూతురు, అత్తగారు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు. కలను జాడీలో పెట్టి మూత బిగించాను. పోనిద్దురూ, ఊరేకొద్దీ రుచి అనుకున్నాను.

అత్తగారు పోయారు. మా అమ్మాయి మిసుజుకు ఒసాకాలో ఉద్యోగం వచ్చింది. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. భోజనాల బల్ల తుడిచి, జాడీ మూత తీసి, ఒక ప్రేమకథ మొదలుపెట్టాను. ఎంత నిశ్శబ్దం! ఎంత ప్రశాంతత! ఫలితం? నా హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి వాన చూసింది. మొదటి అధ్యాయంలో చూసింది. రెండో అధ్యాయంలో చూసింది. ఆవిడ చూస్తూనే ఉంది, మా ఊళ్ళో వానాకాలం కూడా అయిపోయింది.

అప్పుడు మా ఆయన రిటైరయ్యారు.

తమోత్సుగారు వ్యవసాయ యంత్రాల కంపెనీలో పనిచేశారు. ఏ ట్రాక్టరులో ఏ నట్టు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. సొంత ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో మాత్రం కళ్ళు తెరిచినా కనపడదు. మా ఆడవాళ్ళు ఇలాంటి మొగుళ్ళను తడిసిన ఆకులంటారు. ఎంత ఊడ్చినా చీపురుకే అంటుకుంటారని. నేను ఒప్పుకోను. ఆకు మాట్లాడదు కదా!

"ఏమోయ్, కత్తెరెక్కడ?"

"ఏమోయ్, గోళ్ళు కత్తిరించుకున్నాను. ఇప్పుడు ఈ కత్తెర ఎక్కడ పెట్టను?"

"ఏమోయ్, వానొచ్చేట్టుందా?"

కిటికీ ఆయన పక్కనే ఉంది. నేను వంటింటివైపు ఉన్నాను.

ఆ ఉదయం ఒక అద్భుతం జరిగింది. అన్నాళ్ళూ కిటికీ దగ్గర నిలబడ్డ నా హీరోయిన్ వెనక్కి తిరిగింది. కిమోనో అంచు కాస్త ఎత్తిపట్టి, చకచకా వంటింట్లోకి నడిచింది. మొగుణ్ణి చంపేసింది!

ప్రేమకథ కాస్తా డిటెక్టివ్ నవలయింది. కలం పరుగెత్తింది. చెప్పండి, ఏ సరస్సు చేయగలదు ఈ పని?

వారం వారం కమ్యూనిటీ హాల్లో హిరోసే మాస్టారు కథలు రాయడం నేర్పుతారు. ఆ క్లాసులో మొదటి అధ్యాయం చదివాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చిజురుగారూ, శవం సజీవంగా ఉందండీ! ఇంతటి సహజమైన మనిషి మీకెక్కడ దొరికాడు?"

"ఇంట్లోనే దొరికాడు మాస్టారూ."

క్లాసంతా గొల్లుమంది. పక్క కుర్చీలోని కినుయే, నా చిన్ననాటి స్నేహితురాలు, నవ్వలేదు. నా చెవి దగ్గరికి వంగింది.

"ఇంతకీ ఏం కలిపిందే టీలో? నా కోసం కాదులే. తెలిసినవాళ్ళెవరో అడుగుతుంటేనూ."

ఇక ముడిసరుకుకు కొదవేముంది? గుల్లల పులుసులో ఇసుక తగిలిందని ఆయన ముఖం చిట్లిస్తే, ఆ చిట్లింపు శవం ముఖానికి అతికిపోయింది. టీవీలో వార్తలు చదివే అమ్మాయికి ఆయన జవాబులు చెబుతుంటే అదంతా సాక్షుల వాంగ్మూలంలోకి వెళ్ళిపోయింది.

నా నవలలో ప్రతి అధ్యాయమూ ఊపిరి బిగబట్టే చోట ఆగుతుందని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. డిటెక్టివ్ తలుపు మీద చెయ్యి వేస్తాడు, అక్కడ ఆగిపోతుంది. విధవరాలు ఏదో చెప్పబోతుంది, అక్కడ ఆగిపోతుంది. అది నా ప్రతిభా? అబ్బే! "ఏమోయ్, మధ్యాహ్నానికేమిటి?" అన్న చోటల్లా ఆగింది. అంతే.

ఇంత అదృష్టంలో ఉండి కూడా ఒకసారి అత్యాశకు పోయాను. మేడమీద మా అమ్మాయి గది ఖాళీగానే ఉంది కదా, నేను రాసుకోవడానికి వాడుకుంటానన్నాను.

"అది నా గదోయ్," అన్నారాయన. "రిటైరైన మగవాడికి కూర్చుని ఆలోచించుకోవడానికి ఒక చోటంటూ ఉండాలి."

"ఏం ఆలోచిస్తారండీ?"

"అదే ఆలోచించాలి."

మిసుజుకు ఫోన్ చేశాను. కూతురు కదా, నావైపు మాట్లాడుతుందనుకున్నాను.

"నాన్నను ఇబ్బంది పెట్టకమ్మా. పాపం, ఇన్నేళ్ళూ కష్టపడ్డాడు. నువ్వెలాగూ బల్ల మీద రాసుకుంటున్నావుగా?"

నిజమే. బల్ల ఉంది. దానికి తలుపు లేదు, అంతే. మూడుపూటలా దాని మీంచి నా నవలను తీసి, గిన్నెలు పెట్టి, గిన్నెలు తీసి, మళ్ళీ నవల పెడతాను. వ్యాయామం ఆరోగ్యానికి మంచిది!

నవల పూర్తయింది. మాస్టారి మాట మీద జిల్లా కొత్త రచయితల పోటీకి పంపాను. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే ఇంట్లో ఫోన్ మోగింది. ఆయనే తీశారు.

"రచయిత్రా? అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరండీ... కాదు కాదు, ఇంట్లో మా ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు... ఫరవాలేదండీ, ఒక్కోసారి నంబర్లు తప్పుతాయి."

తడి తువ్వాలు అక్కడే పడేసి పరుగెత్తాను. రిసీవరు పెట్టేయబోతుంటే ఆయన చేతిలోంచి లాక్కున్నాను. నవలకు మొదటి బహుమతి వచ్చిందన్నారు. రెండుసార్లు చెప్పించుకున్నాను. ఏడుపొచ్చింది. క్లాసులో లేచి నిలబడిన ఆ చిన్నపిల్లకు ఇంతకాలానికి ఎవరో "కూర్చోమ్మా" అన్నట్టనిపించింది.

ఆయన ఆ రోజే నవల అడిగి తీసుకున్నారు. మేడమీది గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని చదివారు. కిందికి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"ఇందులో చచ్చినవాడు నేనేనా?"

"కల్పితమండీ."

"పులుసులో ఇసుకుందన్నది నేనే కదటోయ్?"

"మొగుళ్ళందరూ అంటారండీ."

"పోనీ, చివర్లో ఆవిడ పట్టుబడుతుందా? ఇంకా అక్కడిదాకా రాలేదు."

"పట్టుబడదు."

తర్వాత చాలా రోజులు టీ ఇస్తే, ముందు నన్నొక గుక్క తాగమనేవారు. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒకే కప్పులో టీ తాగడం అదే మొదలు. చూశారా, సాహిత్యం దాంపత్యాన్ని ఎలా బలపరుస్తుందో!

బహుమతి సభకు ఇద్దరం వెళ్ళాం. ఆయన కొత్త టై కట్టుకున్నారు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు, పూలు ఇచ్చారు. నా పాత్రల గురించి చెబుదామని రాత్రంతా నాలుగు మాటలు కూర్చుకుని వెళ్ళాను. పత్రికవాళ్ళ అబ్బాయి మైకు తెచ్చాడు. తెచ్చి, మా ఆయన ముందు పెట్టాడు.

"ఈ వయసులో మీ భార్య ఇంత సాధించారంటే మీ సహకారమే కారణమై ఉంటుంది. ఏం చేశారు సార్?"

తమోత్సుగారు వినయంగా తల వంచారు.

"నేను చేసిందేమీ లేదండీ. ఎప్పుడూ ఆమెకు అడ్డు రాలేదు. అంతే."

హాలంతా చప్పట్లు! నాకు కొట్టినవి వాటిముందు దోమల్ని కొట్టినట్టే. వెనక వరసలో ఎవరో కళ్ళు కూడా తుడుచుకున్నారు. కినుయే మాత్రం నాకోసం తెచ్చిన పూలగుత్తి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది.

మర్నాడు పత్రికలో ఫోటో పడింది. మధ్యలో ఆయన, పక్కన పూలు, పూలవెనక నేను. "భార్య కలకు బాట వేసిన భర్త" అని పెద్ద అక్షరాలు. వీధిలో ఆడవాళ్ళు ఆపి, "ఎంత అదృష్టవంతురాలివమ్మా!" అన్నారు. నేనూ మొదటినుంచీ ఆ మాటే కదా అంటున్నాను? ఆయన ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి, మేడమీది గదిలో తగిలించుకున్నారు. ఇప్పుడు ఆ గదిలో ఆలోచించడానికి ఒక విషయం దొరికింది.

పోయిన వారం పొద్దున్నే టిఫిను తింటుండగా ఆయన మెల్లగా అడిగారు.

"రెండోది మొదలుపెట్టావట?"

"అవునండీ."

"ఇందులోనూ చస్తాడా?"

"లేదండీ, నిక్షేపంలా ఉంటాడు. పెళ్ళాం కూడా మంచిదే. స్టేషన్ దగ్గర, మూతపడ్డ గడియారాల కొట్టు మీద, ఒక చిన్న గది అద్దెకు తీసుకుంటుంది. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తుంది."

"ఎందుకు? ఎవడైనా ఉన్నాడా?"

"నవల రాసుకోవడానికి."

ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టారు. "మరి మధ్యాహ్నం ఆయన భోజనం?"

"సస్పెన్సంతా అక్కడే ఉందండీ."

ఆయన ముందు బియ్యం డబ్బావైపు చూశారు, తర్వాత పొయ్యివైపు, చివరికి నావైపు. నిజంగానే భయపడ్డట్టున్నారు.

"పోయినదాంట్లో చంపేశావు చూడు," అన్నారు. "అదే నయమోయ్."

ఎంత చక్కటి మాట! వెంటనే రాసుకోవాలనిపించింది. బల్ల మీద చోటు లేదు, ఆయన పేపరు పరుచుకున్నారు. సంచి తీసుకున్నాను, చెప్పులు వేసుకున్నాను. వెనకనుంచి "ఏమోయ్!" అని వినపడింది. స్టేషన్ దాకా నడిచి, గడియారాల కొట్టు పక్క మెట్లెక్కి, తాళం తీసి లోపలికి వెళ్ళి, తలుపేసుకుని రాసుకున్నాను.