సోఫా ఎవరికీ ఉంచేది లేదు

ఆదివారం ఉదయం అందరికంటే ముందే సువార్తమ్మ నీలం చీర కట్టుకుని, భుజానికి వాలంటీర్ బ్యాడ్జి పెట్టుకుని, నంద్యాలలో తమ చర్చి పెద్ద ద్వారం దగ్గర నిలబడింది. ఆళ్లగడ్డ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి నిలబడడం ఆమెకు కొత్త కాదు. వచ్చినవాళ్లకు వందనాలు చెప్పడం, ఖాళీ చూసి కూర్చోబెట్టడం, ఆరాధన మొదలయ్యాక గుసగుసలాడేవాళ్లను ఒక్క చూపుతో ఆపడం ఆమె పని. పెద్ద ద్వారం దగ్గర ఆడమనిషి నిలబడడం సంఘంలో కొందరికి నచ్చలేదు. వాళ్లకు నచ్చలేదన్న సంగతి ఆమెకు నచ్చింది.

సంఘ కార్యదర్శి జయప్రకాష్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"అక్కా, ముందర సోఫా ఎవురికీ ఇయ్యాకు. ఆళ్లగడ్డ నుంచి మహీధర్ గారు వస్తాండారు. పెద్ద రాళ్ల వ్యాపారి. మన కొత్త హాలుకు బండలన్నీ ఆయనే ఇస్తానన్నాడు."

"ఆయప్పను నువ్వు చూసినావా?"

"ఫోన్లో మాట్లాడినా. పెద్దమనిషిని చూస్తే తెలీదా ఏందీ?"

"నేను సీట్లు ఉంచేది లేదప్పా. ముందొచ్చినోళ్లు ముందర కూచుంటారు. దేవుని ఇంట్లో దొరా లేడు, కూలీ లేడని పోయిన వారమే అయ్యగారు చెప్పినారు. నువ్వే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్యావు."

"అది ప్రసంగమక్కా."

"నేను విన్నిందీ అదే."

ఈ రోజు ఏదైనా తేడా వస్తే బ్యాడ్జి పీకేసి వంటల వైపు పంపుతానన్నాడు జయప్రకాష్. "పంపు, చూద్దాం" అంది సువార్తమ్మ.

మందిరం నిండింది కానీ సోఫా ఖాళీగానే ఉంది. సువార్తమ్మ ఉంచినందుకు కాదు, పాస్టరు ఎదురుగా కూర్చుంటే కునుకు తీయడం కష్టమని ఎవరూ అటు పోలేదు. మొదటి ప్రార్థన జరుగుతుండగా గేటు దగ్గర ఒక వ్యాను ఆగింది. అందులోంచి దిగినాయన పేరు తిమ్మయ్య. రాళ్లు చెక్కే మనిషి. గేటు పక్కన నిలబెట్టడానికి చర్చి పేరు చెక్కమని జయప్రకాష్ ఎప్పుడో మనిషి చేత కబురంపి మరిచిపోయిన రాయిని ఆయన ఇప్పుడు తెచ్చాడు.

"అమ్మా, ఆళ్లగడ్డ నుంచి రాయి తెచ్చినా. జయప్రకాష్ సారు యాడుండాడు?"

"ప్రార్థన చేస్తాండారు. అయిపోయినంక మాట్లాడుదువు. పోయి ఆ సోఫాలో కూచో."

"సోఫాలోనా? ఒళ్లంతా దుమ్ముండాదమ్మా."

"దులుపుకుంటే పోతాది. ఖాళీ ఉండేది అదొక్కటే."

తిమ్మయ్య భయంభయంగా పోయి సోఫా అంచున కూర్చున్నాడు.

జయప్రకాష్ ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి ఎదురుగా తెల్లచొక్కా, రాతిదుమ్ముతో నెరిసినట్టు కనిపించే జుట్టు, నుదుట కుంకుమబొట్టు. మహీధర్ హిందువని తెలుసు కాబట్టి బొట్టు కూడా సరిపోయింది. వంగి, "ఆళ్లగడ్డ నుంచేనా సార్?" అని చెవిలో అడిగాడు.

"అవ్ సార్. రాయి వ్యానులోనే ఉండాది."

జయప్రకాష్ గుండె నిండిపోయింది. మాట ఇచ్చి పోతాడనుకున్న మనిషి ఏకంగా సరుకే తెచ్చాడు.

అప్పుడే బయట కారు ఆగింది. బంగారు ఫ్రేము కళ్లద్దాల మహీధర్ దిగి నేరుగా లోపలికి నడవబోతే సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడికప్పా? ముందర ఖాళీ లేదు. ఆ స్తంభం పక్కన కుర్చీ ఉండాది, కూచో."

"నేను ముఖ్య అతిథినమ్మా."

"ఇంత ఆలస్యంగా వస్తే ముఖ్యమైనోళ్లైనా యెనకే."

ఆయనతో అలా మాట్లాడినవాళ్లు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. చెప్పిన కుర్చీలోకే పోయి కూర్చున్నాడు. అది చంటిపిల్లల తల్లులు కూర్చునే చోటు. పక్కనున్న జాహ్నవి, "అన్నా, రవ్వంతసేపు పట్టుకోండి, పాలసీసా బండిలో మరిచినా" అంటూ బిడ్డను ఆయన ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. బిడ్డ బంగారు కళ్లద్దాలు లాక్కుని, ఓ కాడ నోట్లో పెట్టుకుని నిద్రపోయింది.

వేదిక మీద జయప్రకాష్ మైకు అందుకున్నాడు. "ఆళ్లగడ్డ నుంచి మన కోసం రాయి తెచ్చిన మహానుభావుడు" అంటూ తిమ్మయ్యకు శాలువ కప్పాడు, దండ వేశాడు. సరుకు తెచ్చినవాళ్లను క్రైస్తవులు ఇంత బాగా చూసుకుంటారని తిమ్మయ్యకు ఇంతవరకూ తెలియదు.

వెనకాల మహీధర్ సగం లేచాడు.

"కూచోప్పా, బిడ్డ లేస్తాది" అంది సువార్తమ్మ.

"అది నాకు కప్పాల్సిన శాలువమ్మా."

"ఐతే పోయి తెచ్చుకో. బిడ్డను మాత్రం ఏడిపియ్యాకు."

మహీధర్ శాలువ వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు, మెల్లగా కూర్చున్నాడు.

రెండు మాటలు మాట్లాడమని మైకు ఇస్తే తిమ్మయ్య గొంతు సవరించుకున్నాడు. "నాకు మాట్లాడేది రాదు. రాయి బరువుండాది. నలుగురు మొగోళ్లు వస్తే దించుకుందాం. పగిలితే నా పూచీ లేదు."

చప్పట్లు మోగాయి. గొప్పవాళ్లు ఇలాగే క్లుప్తంగా మాట్లాడతారని జయప్రకాష్ మెచ్చుకుని, హాలుకు సరిపడా బండలు దించాలి కాబట్టి యువకులందరూ ఆరాధన కాగానే రావాలని ప్రకటించాడు. ఆరాధన ముగియగానే అందరూ చొక్కా చేతులు పైకి మడిచి వ్యాను దగ్గరికి బయలుదేరారు. వ్యానులో గోనెసంచి కప్పిన రాయి ఒక్కటే ఉంది.

"మిగతావి యాడ సార్?" అన్నాడు జయప్రకాష్.

"మిగతావేంది? నువ్వు చెక్కమనింది ఒకటే కద."

"జయప్రకాష్ అంటే నువ్వేనా?" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. ఫోన్లో విన్న గొంతే. తిరిగి చూస్తే భుజం మీద బిడ్డతో, కళ్లద్దాలు లేకుండా, కళ్లు చికిలిస్తూ ఒక పెద్దమనిషి.

జయప్రకాష్‌కు అంతా అర్థమైంది. అర్థమైన వెంటనే సువార్తమ్మ మీదికి తిరిగాడు.

"ఆ బ్యాడ్జి ఇట్ల ఇయ్యి."

"ఇయ్యను." ఆమె కదల్లేదు. "తీయాలంటే వచ్చే వారం మైకులో చెప్పి తియ్యి. ఎందుకో కూడా చెప్పు. ముందొచ్చిన పనోన్ని ముందర, ఆలస్యంగా వచ్చిన షావుకారిని యెనక కూచోబెట్టినందుకని చెప్పు. అంతవరకూ ఈ ద్వారం నాదే."

తిమ్మయ్య శాలువ తీయబోయాడు. "నువ్వుండు నాయనా. నీకు కప్పినారు, అది నీదే" అందామె. ఆయన మళ్లీ కప్పుకున్నాడు.

అందరూ పాస్టర్ ఇమ్మానుయేలు వైపు చూశారు. ఆయన నేల వైపు చూశాడు. ఆమెను తీసేయాలంటే ముందు తన ప్రసంగాన్ని వెనక్కి తీసుకోవాలి.

"ఆయమ్మ నన్ను ఎరగదు. ఎరిగినా నాకు సీటు ఉంచేది కాదులే" అన్నాడు మహీధర్. "వారం నుంచి దినామూ నాతో ఫోన్లో మాట్లాడుతాండావే, నీకేమైంది? చూస్తే తెలీలేదా? బండలు ఇస్తాను పో. శాలువలొద్దు, నన్ను మాట్లాడమనొద్దు. ముందు ఈ బిడ్డ తల్లి యాడుండాదో చూడండి."

పాస్టరుకు దారి దొరికింది. "నిజమే, వచ్చిన మనిషి ఎవరో అడిగి తెలుసుకునేవాళ్లు ద్వారం దగ్గర ఉండడం మంచిది. వచ్చే ఆదివారం నుంచి జయప్రకాష్ గారు అక్కడే నిలబడతారు. పని సువార్తమ్మ నేర్పిస్తుంది" అన్నాడు. ఆమెన్ అని గట్టిగా అన్నవాళ్లలో ఈసారి జయప్రకాష్ లేడు.

నెల గడిచాక, కొత్త వాలంటీరు ఎలా చేస్తున్నాడని పాస్టరు అడిగాడు.

"మనిషి మంచోడే అయ్యగారూ" అంది సువార్తమ్మ. "ఇంకో ఆర్నెల్లు నిలబెడితే కూచునేదానికి పనికొస్తాడు."