మూసిన కిటికీ పరిరక్షణ

థార్న్‌బెక్ ఊళ్లో గోడకున్న హక్కు మంచం పట్టిన మనిషికి లేదు. ఇది క్లిఫర్డ్ థ్వైట్ అభిప్రాయం కాదు. ప్రణాళికా విభాగం వారు ముద్ర వేసి పంపిన నిర్ణయం.

ఆయనది మూడున్నర శతాబ్దాల నాటి రాతి ఇల్లు. పడమటి గోడలో ఒకప్పుడు కిటికీ ఉండేది. కిటికీకింత అని సర్కారు పన్ను వేసిన రోజుల్లో ఎవరో పిసినారి దాన్ని రాళ్లతో పూడ్చేశాడు. పన్ను రద్దయి నూట డెబ్భై ఏళ్లు దాటింది. రాళ్లు మాత్రం ఉన్నాయి.

క్లిఫర్డ్ భార్య మ్యూరియల్‌కు కాళ్లు పడిపోయాయి. మెట్లెక్కలేదు గనక కింది గదిలో, ఆ గోడకెదురుగా మంచం వేశాడు.

"నలభయ్యేళ్లు నీ మొహం చూశా, ఇప్పుడీ గోడ. పెద్ద తేడా ఏం లేదులే క్లిఫ్. కాస్త ఆ కొండ చూపించవయ్యా," అంది.

పాత కట్టడం గనక సొంత ఇంట్లో రాయి కదపాలన్నా ప్రణాళికా విభాగం అనుమతి కావాలి. కిటికీ తెరుస్తానని దరఖాస్తు పెట్టాడు. పాత కట్టడాల పరిరక్షణాధికారిణి ఫెనెల్లా క్రాబ్‌ట్రీ వచ్చి, మంచం దాటి వెళ్లి, గోడను తడిమి పరవశించింది.

"ఎంత చక్కగా మూశారండీ! ఇంత మంచి మూసిన కిటికీ ఈ జిల్లాలోనే లేదు."

"తెరిస్తే ఇంకా మంచి కిటికీ అవుతుందమ్మా."

"అయ్యో, తెరిస్తే మామూలు కిటికీ అయిపోదూ?"

న్యాయమైన మాటే. పద్నాలుగు నెలల్లో పదకొండు నివేదికలు తయారయ్యాయి. సున్నం నిపుణుడు సున్నాన్ని నాలుకతో పరీక్షించాడు. గబ్బిలాల నిపుణురాలు, ఇంట్లో గబ్బిలాలు లేవనీ, ఉంటే నొచ్చుకునేవనీ రాసింది. "మన పూర్వీకుల పిసినారితనం మన ఉమ్మడి సంపద!" అని ఊరి సంఘం అధ్యక్షుడు రూపర్ట్ హెబ్డెన్ ప్రసంగించాడు. చప్పట్లు మోగాయి. దరఖాస్తు వీగిపోయింది.

క్లిఫర్డ్ ఉలి, సుత్తి తెచ్చి ఒక్క రాయి ఊడదీశాడు. రొట్టెముక్కంత కన్నం పడింది.

"గొర్రెలు బాగా ఒళ్లు చేశాయే!" అంది మ్యూరియల్. పదహారు రోజులు చూసింది. పదిహేడో రోజు లేదు.

ఆమె అంత్యక్రియలకు ఊళ్లోంచి నలుగురు వచ్చారు. రాయిని యథాస్థానంలో నిలిపే ఉత్సవానికి అరవై మంది వచ్చారు. టీ, కేకులు, బ్యాండు. రాతి మీద ఇత్తడి పలక బిగించారు: "ఇక్కడి నుంచి మ్యూరియల్ థ్వైట్ కొండను చూసి ఆనందించినది." చారిత్రక గోడకు పలక కొట్టడానికి అనుమతి నాలుగు రోజుల్లో వచ్చింది.

"ఆమె జ్ఞాపకం ఇక పదిలం. గాలి కూడా చొరబడదు!" అన్నాడు రూపర్ట్. పలువురు కళ్లొత్తుకున్నారు. "థ్వైట్ గారూ, మీరూ రెండు మాటలు చెప్పండి."

"మీ టీ చల్లారుతోంది, తాగండి. ఈ సంగతి నా నోట ఇక రాదు," అని క్లిఫర్డ్ లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ మౌనంలోని హుందాతనాన్ని సభ కొనియాడింది. పలక చాలా బాగుంటుంది. మీరూ వెళ్లి ఫొటో దిగి రావచ్చు. ఆయన్ని మాత్రం అడగకండి. చెప్పడు.