నత్తపిల్లలకు తొర్రూరులో ఘన సన్మానం

మా మూడు జిల్లాల్లో సముద్రం లేదని అధికారికంగా తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఇందులో ఆలస్యమేమీ లేదు. ఉన్నదాన్ని ఉందని చెప్పడానికి ఒకచోట చూస్తే చాలు. లేనిదాన్ని లేదని చెప్పాలంటే అంతటా వెతకాలి. ఆ వెతుకులాట ఉత్తరాలన్నీ టైపు చేసినవాణ్ణి గనుక జరిగింది జరిగినట్టు మీకు మనవి చేయగలను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పరిశోధక విద్యార్థుల ప్రోత్సాహక మండలి అని మాకొక సంస్థ ఉంది. జిల్లాకొక ఆఫీసు. నేను మహబూబాబాద్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. మా దగ్గరికి వచ్చే పిల్లలు సాధారణంగా పత్తి పురుగు మీదనో, మిర్చి తెగుళ్ల మీదనో పరిశోధన చేస్తుంటారు. జనవరిలో ఒకరోజు నెల్లికుదురు పక్క తండా నుంచి శారద అనే అమ్మాయి వచ్చింది. విశాఖపట్నంలో పీహెచ్‌డీ రెండో ఏడు. ఆమె పరిశోధన వల్ల సొంత జిల్లాకు మేలు జరుగుతుందని మేము రాసిస్తే తప్ప మూడో ఏడు ఉపకార వేతనం రాదు.

మా సూపరింటెండెంటు బాలనర్సయ్య గారు దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీసేశారు.

"నత్తలా?"

"సముద్రపు నత్తలు సార్. వాటి పిల్లల మీద చేస్తున్న. గుడ్డులకెల్లి రాంగనే ఆవగింజ కంటె చిన్నగ ఉంటయి. అప్పుడే పెంకు కట్టుకుంటయి."

"కట్టుకోనియ్యి. మనకేంది?"

"కడ్తలేవు సార్. మనం బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగల కొంత సముద్రం మింగుతది. దాంతోని నీళ్లు జరంత జరంత పుల్లవడుతున్నయి. మీదికెల్లి వేడి ఎక్కుతున్నది. రెండూ కలిస్తె పెంకు పలుచగైతది, వంకర పోతది. కొన్నిటికి సగమే ఉంటది. గవి ఎక్కువ రోజులు బతకవు."

"అయితే మన జిల్లాకేం నష్టం, బిడ్డా?"

"మనకు వచ్చే వాన గా సముద్రం మీదికెల్లే వస్తది గద సార్. అది ఆగమైతె మనం బాగుంటమా?"

బాలనర్సయ్య గారు దయగల మనిషి. వెంటనే కాదనలేదు. "వానది వేరే సెక్షన్. నీకు కావలసింది సముద్రం. మన పరిధిలో అది ఎక్కడున్నదో సర్వే నంబరు పట్టుకరా, సంతకం పెడ్త" అన్నారు. సర్వే నంబరు ఆమె దగ్గర లేదని తెలిశాక, ఆ బాధ్యత కూడా ఆఫీసే తలకెత్తుకుంది.

ముందుగా జనగామ ఆఫీసుకు రాశాము. పాత జిల్లాను విభజించినప్పుడు తమకు అప్పగించిన ఆస్తుల జాబితాలో సముద్రం లేదనీ, పొరపాటున మా వాటాకు వచ్చి ఉండవచ్చనీ, బీరువాలు మరొకసారి వెతికించుకోగలరనీ జవాబు వచ్చింది. వెతికించాము. మూడు బీరువాల్లోనూ ఒక చచ్చిన బల్లి తప్ప ప్రాణికోటికి చెందినదేదీ దొరకలేదు. తరువాత భూపాలపల్లికి రాశాము. తమ దగ్గర బొగ్గు ఉందనీ, చెల్పూర్‌లో కరెంటు తయారవుతుందనీ, గోదావరి కూడా పారుతుందనీ వారు తెలియజేశారు. సదరు నది చివరికి సముద్రంలో కలుస్తుందని వినికిడేననీ, జిల్లా దాటిన తరువాత అది ఎక్కడికి పోయేదీ తమ పరిధిలోకి రాదనీ విన్నవించుకున్నారు. ఇక మా జిల్లా మిగిలింది. అటెండరును చెరువుల మీదికి పంపాము. "చెరువులు ఉన్నవి. ఉప్పగా లేవు. రుచి చూడడమైనది" అని నివేదిక ఇచ్చి, అతడు వారం రోజులు కడుపునొప్పి సెలవు పెట్టాడు.

ఆ విధంగా ఏప్రిల్ చివరికి నిజం బయటపడింది.

మరొక సంస్థ అయితే దరఖాస్తును అక్కడికక్కడే తిప్పికొట్టేది. మా చైర్మన్ రాజమౌళి గారిది పెద్ద మనసు. సముద్రం లేకపోవడం ప్రజల తప్పు కాదనీ, ఆ లోటును ఒక సదస్సుతో పూడ్చాలనీ నిర్ణయించారు. మే నెల రెండో వారం, తొర్రూరులో ఒక ఫంక్షన్ హాలు. మూడు జిల్లాలకూ బస్సు సౌకర్యం ఉంటుందని ఆ ఊరు ఎంచుకున్నారు. శారదకు ఉత్తరం వెళ్లింది. పరిశోధనలో ఉన్న అన్ని రకాల ప్రాణులనూ సజీవంగా వేదికపై హాజరుపరచవలెను, లేనిచో ధ్రువపత్రం నిరాకరించబడును.

ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. వేడి నీళ్లలో, పులిసిన నీళ్లలో పెంచిన పిల్లల్లో గుప్పెడే బతికి మిగిలాయట. అవి ఎందుకు బతికాయో తెలుసుకోవడమే వచ్చే ఏడాది పనంతా. "గవి పోతె మల్ల మొదటికెల్లి చెయ్యాలె సార్. ఫొటోలు తెస్త, వీడియో తెస్త, నడుస్తదా?" అని అడిగింది. బాలనర్సయ్య గారిని కనుక్కొని చెప్పాను. వీడియో సజీవం కిందికి రాదు.

ఆమె రాత్రంతా రైల్లో నిలబడి మహబూబాబాద్‌లో దిగింది. థర్మోకోల్ పెట్టెలో మూడు డబ్బాలు, వాటి చుట్టూ సంచుల్లో కట్టిన ఐసు గడ్డలు, మరో చేతిలో మైక్రోస్కోపు. తల్లి గంగి స్టేషనుకు ఎదురువచ్చి పెట్టెను ఒడిలో పెట్టుకుని తొర్రూరు దాకా బస్సులో కూర్చుంది. కూతురు పెంచుతున్నవాటిని చూడాలని ఆమె ఆ రోజు మిర్చి ఏరే కూలీ మానుకుని వచ్చింది.

కార్యక్రమం పది గంటలకు. చైర్మన్ గారు రెండింటికి విచ్చేశారు. ఆ నాలుగు గంటలూ మేము ఖాళీగా కూర్చోలేదు. స్వాగతం పలికే అమ్మాయిలు ఇద్దరు తక్కువయ్యారని శారద చేతికి పూలపళ్లెం ఇచ్చి గేటు దగ్గర ఎండలో నిలబెట్టాము. పెట్టె దగ్గర ఉంటానని ఆమె అన్నది గానీ, పరిశోధకురాలు స్వయంగా స్వాగతం పలికితే హుందాగా ఉంటుందని బాలనర్సయ్య గారు నచ్చజెప్పారు. గంగిని ఆడవాళ్ల వరుసలో చివరి కుర్చీలో కూర్చోబెట్టాము. ఇంతలో కరెంటు పోయింది. జనరేటరు వేదిక మీది కూలర్లకే సరిపోయింది. చైర్మన్ గారి మజ్జిగ వెచ్చబడుతోందని వంటవాళ్లు కంగారుపడుతుంటే, ఎవరో థర్మోకోల్ పెట్టె మూత తీసి చూశారు. లోపల కావలసినంత ఐసు ఉంది.

"సోదర సోదరీమణులారా!" అని చైర్మన్ గారు గ్లాసు చేత పట్టుకుని మొదలుపెట్టారు. "నత్త నెమ్మదిగా నడుస్తుంది. మన మండలి కూడా నెమ్మదిగా నడుస్తుంది. కనుక నత్తల బాధ మనకంటే బాగా ఎవరికి తెలుసు? సముద్రంలో ఇల్లు కరిగిపోయి నత్తబిడ్డలు వీధిన పడుతుంటే చూస్తూ ఊరుకునే ప్రసక్తే లేదు! పెంకు లేని ప్రతి నత్తకూ పక్కా ఇల్లు కట్టించేదాకా నిద్రపోనని ఈ వేదిక మీద ప్రకటిస్తున్నాను!" చప్పట్లు చాలాసేపు మోగాయి. ముందు వరుసలో ఒకాయన లేచి, ఇళ్లు మూడు జిల్లాలకూ సమానంగా పంచాలని కోరాడు.

తరువాత శారదను పిలిచాము. ఆమె పెట్టె మూత తీసి, ఐసు లేని ఖాళీ సంచులను పక్కకు జరిపింది. మొదటి డబ్బాలోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి వంగి చూసింది. రెండో డబ్బా. మూడో డబ్బా దగ్గర చాలాసేపు వంగి ఉండిపోయింది. మళ్లీ చుక్క మార్చింది. మళ్లీ మార్చింది. ఫొటోగ్రాఫరు జర నవ్వమని అడిగాడు.

గంగి ఆడవాళ్ల వరుసలోంచి లేచి వచ్చింది. తల్లీకూతుళ్లు వాళ్ల ఇంటి భాషలో రెండు మాటలు అనుకున్నారు. నాకు అర్థం కాలేదు. తరువాత గంగి చైర్మన్ గారి గ్లాసు వైపు చూసి అందరికీ అర్థమయ్యే భాషలో అన్నది.

"సారూ, ఐసు మీరు తాగిన్రు. పిల్లలన్ని సచ్చిపోయినయి. నా బిడ్డ వాటిని కండ్లల్ల పెట్టుకుని సాదింది. గిది గూడ మీ కాయితంల రాయున్రి."

హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని వృథా పోనివ్వకుండా బాలనర్సయ్య గారు మైకు అందుకుని, మృతి చెందిన నత్తపిల్లలకు రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. మౌనం ముగిసేలోపు చైర్మన్ గారికి విషయం స్ఫురించింది. "వేడికి నత్తపిల్లలు చనిపోతాయని మన ఆడబిడ్డ చెప్పింది. మన కళ్లముందే చనిపోయాయి. పరిశోధన నిరూపితమైంది! సముద్రం ఉన్న జిల్లాలు రెండేళ్లలో తేల్చలేనిది, లేని జిల్లా ఒక్క పూటలో తేల్చింది!" శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ధ్రువపత్రం నేను అప్పటికప్పుడు హాలు వెనుక గదిలో టైపు చేశాను. పరిశోధన జిల్లాకు మిక్కిలి మేలు చేసినదనీ, విజయవంతంగా పూర్తయినందున ఇకపై ఉపకార వేతనం అవసరం లేదనీ అందులో ఉంది.

శారద దాన్ని రెండుసార్లు చదివింది.

"గిది మీరే టైపు చేసిన్రా సార్?"

"అవునమ్మా."

"ఒక్క తప్పు లేదు" అని మడతపెట్టుకుంది. ఆ మెప్పుకు నేను రెండు రోజులు సంతోషంగా ఉన్నాను. మూడో రోజు ఎందుకో అన్నం సయించలేదు.

ఆమె తిరిగి విశాఖ వెళ్లింది. సాయంత్రాలు ట్యూషన్లు చెబుతూ, తెల్లవారుజామున తీరంలో రాళ్ల మధ్య నత్త గుడ్లు ఏరుకుంటూ మొదటి నుంచి మొదలుపెట్టిందని విన్నాము. విని ఊరుకోలేదు. డిసెంబరులో, సముద్రం గురించి మరింత లోతుగా అవగాహన పెంచుకోవడానికి మండలి సిబ్బంది కుటుంబ సమేతంగా ఏసీ బస్సులో అధ్యయన యాత్ర చేశాము. ఆమె ల్యాబుకూ వెళ్లాము. మమ్మల్ని చూసి ఆమె తలుపు వేయలేదు. టీ తెప్పించింది. బాలనర్సయ్య గారు పులిసిన నీళ్లలోంచి తీసి బల్ల మీద పెట్టిన పెద్ద నత్త గుల్లను ముచ్చటపడి పట్టుకుంటే అది వేళ్ల మధ్య పొడి అయింది. "నాణ్యత లేదు. ఎవరీ కాంట్రాక్టరు?" అన్నారు.

నన్ను మాత్రం ఆమె మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. చూశాను. గాజులాంటి చిన్న ప్రాణి. రెండు చిన్న రెక్కల్లాంటివి ఆడిస్తూ నీళ్లలో ఈదుతోంది. వీపు మీద సగం ఇల్లు. ఆ సగాన్నే మోసుకుంటూ, తిరిగి తిరిగి, ఆగకుండా ఈదుతోంది. "గిది పదకొండు రోజుల సంది బతుకుతున్నది సార్" అన్నది శారద, సొంత మనిషి సంగతి చెబుతున్నట్టు. నేను మళ్లీ వంగి చూడబోయాను. బయట బస్సు హారన్ కొట్టారు.

తిరుగు ప్రయాణంలో ఆ నత్తపిల్ల సంగతి అందరికీ చెబుదామని లేచి నిలబడ్డాను. అప్పుడే బస్సులో చల్లదనం చాలడం లేదని గొడవ మొదలైంది. ఏసీ ఇంకా పెంచమని డ్రైవరు మీద అరిచినవాళ్లలో మొదటి గొంతు నాదే. రెండో గొంతు నా వెనుక సీట్లోంచి వచ్చింది. తిరిగి చూశాను గానీ పేరు గుర్తు రాలేదు. బాగా చదువుకున్నవారే. ఇలాంటి కథలు చదివి మా ఆఫీసును చూసి నవ్వుకునేవారే.