చేతికిచ్చిన ఉప్పు

ఆ ఉదయం ధర్మేంద్ర వేసుకున్న ప్లాను చాలా చిన్నది. విజయనగరంలో గోవిందరావుగారి ఫ్రిజ్‌ల షాపులో ఇంటర్వ్యూ. పాత ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగితే "ఎదుగుదల కోసమండి" అనాలి. అంతే. అద్దం ముందు నిలబడి ఆ మాట నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు, నాలుగూ బాగున్నాయని తనే తీర్మానించుకున్నాడు.

"బావా, ఉప్పు సంగతి మాత్రం ఎత్తకు," అంది భార్య ఈశ్వరి. "ఇదీ రాకపోతే సోమారం నుంచి మా నాన్నతో ఉప్పుమళ్లలోకి దిగాల్సిందే."

 ధర్మేంద్ర చిన్నప్పటి నుంచీ ఫ్యాను కింద పెరిగినవాడు. నౌపడ ఉప్పుమళ్ల ఎండలో వాడు గంటసేపు నిలబడితే మామగారు ఉప్పుతోపాటు వాణ్ణీ పోగు చేసుకోవాల్సిందే.

బయల్దేరే వేళకి ఆ మామగారే దిగబడ్డాడు. జగన్నాధం భుజాన కల్లుప్పు బస్తా. పెద్దవాళ్ల దగ్గరికి వట్టి చేతులతో వెళ్తారా అని ఆయన పట్టు. ఎంత చెప్పినా వినలేదు. చివరికి షాపు దగ్గర టీకొట్లో కూర్చోవాలనీ, పిలిస్తే తప్ప రాకూడదనీ ఒప్పందం చేసుకుని ఇద్దరూ శ్రీకాకుళంలో బస్సెక్కారు.

గోవిందరావుగారిది ఒక్క గది షాపు. రోడ్డుకి అవతల జయకృష్ణ బ్రదర్స్ వాళ్ల రెండంతస్తుల ఫ్రిజ్‌ల షాపు. అందులో ముగ్గురన్నదమ్ములూ ఒకే క్యారేజీలో ఇడ్లీలు తింటూ పకపకా నవ్వుకుంటున్నారు. ఊళ్లో బేరమంతా వాళ్లదే. గోవిందరావుగారు అటు చూడకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. క్యాష్ దగ్గర కూర్చున్న ఆయన భార్య కన్యాకుమారి మాత్రం ఇంకేమీ చూసేది కాదు.

"అంత పెద్ద షాపు ఎందుకు మానేసినావు బాబూ?" అన్నారు గోవిందరావుగారు, పాత ఉద్యోగం కాగితం చూస్తూ.

"ఎదుగుదల కోసమండి."

గోవిందరావుగారు నాలుగు గోడలూ కలియజూశారు. ఇక్కడ ఎటువైపు ఎదుగుతావని నిజంగానే అడిగారు. ఆ ప్రశ్న అద్దం అడగలేదు. అయినా ధర్మేంద్ర తగ్గలేదు. అసలు సంగతి మా మామకి ఒంట్లో బాగోలేదండి, మంచం దిగలేడు, చూసుకోవడానికి మానేశాను అన్నాడు. కన్యాకుమారి కళ్లు చెమ్మగిల్లాయి. ఏమిటి జబ్బు అని అడిగింది. మోకాళ్లన్నాడు. ఆమె ఇంకా జాలిగా చూసేసరికి ఉత్సాహం ఆగక నడుము కలిపాడు, ఆ పైన గుండె కూడా కలిపాడు.

సరిగ్గా అప్పుడే జగన్నాధం బస్తా భుజాన వేసుకుని మూడు మెట్లూ ఒక్క అంగలో ఎక్కి లోపలికొచ్చాడు.

"ఒరే అల్లుడూ, ఆ టీకొట్లో ఫేను లేదురా. నాను ఈడి మావనండి. మీకోసరం మంచి ఉప్పు తెచ్చినాను."

పాపం ఆ దంపతులు ఆ గుండెనీ, ఆ మోకాళ్లనీ మార్చి మార్చి చూశారు. జగన్నాధం బస్తా ముందుకు చాపాడు. గోవిందరావుగారు మర్యాదస్తులు, రెండు చేతులూ పట్టారు. ధర్మేంద్ర కుర్చీ తన్నుకుని మరీ మధ్యలోకి దూకాడు.

"అందుకోకండి! కింద పెట్టించండి."

ఇక దాచేదేముంది, అంతా కక్కేశాడు. పాత షాపు ఇద్దరన్నదమ్ములది. పెద్దాయన ఇంట్లో ఆవకాయకి నౌపడ ఉప్పు కావాలన్నారు. తను తెచ్చాడు. నేల మీద పెట్టి తీసుకోమనకుండా, పుట్టి బుద్ధెరిగిన ఎవడూ చెయ్యని పని, తిన్నగా చేతికిచ్చేశాడు. సాయంత్రానికల్లా ఫ్యాను ఎవరి కుర్చీ వైపు తిరగాలని అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. మర్నాడు మేస్త్రీ వచ్చి షాపు మధ్యన గోడ లేపాడు. గోడకి ఇటున్నాయన అటు పొమ్మన్నాడు, అటున్నాయన ఇటు పొమ్మన్నాడు. ధర్మేంద్ర ఇంటికి పోయాడు.

"ఉప్పుది తప్పు కాదండి," అన్నాడు జగన్నాధం నొచ్చుకుని. "ఈడి సెయ్యే అలాటిది."

 కొంపలు కూల్చే చెయ్యిని ఎవరు పెట్టుకుంటారు? ధర్మేంద్ర కళ్ల ముందు తెల్లటి ఉప్పుమళ్లు మెరిశాయి. ఆ ఎండ అప్పుడే నెత్తి మీద మాడుతున్నట్టనిపించి, సర్టిఫికెట్లు సర్దుకుని గుమ్మం వైపు కదిలాడు.

"కూర్సో బాబూ," అంది కన్యాకుమారి. ఆమె చూపు రోడ్డుకి అవతల ఉంది. అన్నదమ్ములు ముగ్గురూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "ఆ పాత షాపు అన్నదమ్ములు అంతకుముందు బాగుండీవోరేనా?"

"ఒకే కంచంలో తినేవారండి."

భార్యాభర్తలు మొహామొహాలు చూసుకున్నారు. గోవిందరావుగారు గొంతు సవరించుకుని, రేపే చేరిపొమ్మన్నారు. జీతం కూడా అడిగినదానికన్నా ఎక్కువే చెప్పారు. జగన్నాధాన్ని మాత్రం బస్తా జాగ్రత్తగా ఓ మూల పెట్టి వెళ్లమన్నారు.

మర్నాడు పొద్దున్నే ధర్మేంద్రకి మొదటి డెలివరీ పడింది: ఎదురు షాపుకి, రెండు కిలోల ఉప్పు, చేతికే ఇవ్వాలి.