చేనేత కాలనీలో సైనిక చర్య

“నన్ను దించుడు మిలిటరీతోని గూడ కాదు!” అని మా చిట్యాల చేనేత కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు మురళీమోహన్ గారు మైకులో ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అంతవరకూ మిలిటరీకి ఆ ఉద్దేశం ఉన్నట్టు మాకెవరికీ తెలియదు.

సందర్భం ఆయన విగ్రహానికి సిమెంటు దిమ్మె పూర్తికావడం. బతికి ఉండగానే విగ్రహం ఏమిటని కొందరు సణిగారు. ఇప్పుడైతేనే కొలతలు సరిగ్గా వస్తాయని ఆయన ఓపిగ్గా వివరించారు. నాయకుడు జనం మధ్యలో ఉండాలి గనుక దిమ్మెను వీధి నడిమధ్యన కట్టించారు.

వచ్చిన ఇబ్బంది ఒక్కటే. మా వరుసలో చివరి ఇల్లు ఉప్పలమ్మది. ఆమె మగ్గానికి నిలువు పోగుల పడుగు ఎక్కించాలంటే ముందు ఆ పోగులన్నిటినీ వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, ఆరబెట్టాలి. పోగులు తిన్నగా పోవాలి. నాయకుడి చుట్టూ తిరిగి పోవడం వాటికి రాదు. పదిహేను రోజులుగా మగ్గం చప్పుడు లేదు.

మా ఆవిడ పోయినప్పటి నుంచి రోజూ పొద్దున నా గుమ్మం ముందు ఆగి “సారూ, తిన్నవా?” అని అడిగే మనిషి ఉప్పలమ్మ. ఈ మధ్య అడుగుతోంది గానీ జవాబు వినకుండానే వెళ్ళిపోతోంది.

ఖాసిం ఛాయ్ దుకాణం దగ్గర ఉప్పలమ్మే ఈ విషయం ఎత్తింది.

“ఫిబ్రవరిల సంఘం ఎలచ్చన్లు ఉన్నయి గదక్కా, జర ఓపిక పట్టు,” అన్నాడు ఖాసిం.

“మూడు నెలలు మగ్గం ఆగితే ఓపిక వండుకొని తినాల్నా?”

“అయితే మిలిటరీని పిలువు. ఆయనే అన్నడు గద!”

మా కాలనీకి మిలిటరీ ఉంది. దాని పేరు సిద్దయ్య. ఇరవై రెండేళ్ళు దేశసేవ చేసి హవల్దారుగా రిటైరైంది. ఆ సమయానికి బెంచీ చివర కూర్చుని ఛాయ్‌లో బిస్కట్ ముంచుకుంటోంది.

“సిద్దన్నా, నువ్వే దించాలె ఆయన్ని,” అంది ఉప్పలమ్మ.

“తప్పు చెల్లే. ఓట్లేసి గెలిపించిండ్రు. ఫౌజోడు దించొద్దు.”

“మంచోడు కాకపోయినా?”

“మంచోడైతే దించుమని నువ్వడుగుతవా? గా మాట ఎప్పుడైనా చెడ్డోని గురించే వస్తది.”

“తుపాకీ పట్టిన మనిషివి, గింత భయమా?” అని ఖాసిం గిల్లాడు.

“తుపాకీ సర్కారుది, వాపస్ ఇచ్చిన. సరే, ఇయ్యాల నేను ఆయన్ని దించిన అనుకో. రేపు నన్నెవరు దించుతరు?”

ఖాసిం నా వైపు చూశాడు. నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి గనుక నా ఛాయ్ గ్లాసు వైపు చూసుకున్నాను. ఉప్పలమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆమె పోయిన దిక్కే చూస్తూ ఉండిపోయిన సిద్దయ్య బిస్కట్ ఛాయ్‌లో విరిగి మునిగిపోయింది.

మర్నాటికి కాలనీ మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది: ‘సైనిక కుట్రకు బెదరని ధీరుడు మన మురళన్న’. సాయంత్రం అధ్యక్షులవారు సిద్దయ్యను ఇంటికి పిలిపించారు. సాక్షిగా నన్నూ రమ్మన్నారు.

“ఏం సిద్దన్నా, నన్ను దించుతున్నవట?” ఆయన కళ్ళు ఆశతో మెరుస్తున్నాయి.

“లేదు సార్. మీరు గెలిచిన లీడరు. మిమ్మల్ని కాపాడుడు నా డ్యూటీ.”

ఆయన ముఖం కొంచెం వాడింది. అంతలోనే తేరుకుంది. “కాపాడుడు అంటే... నాకు ముప్పున్నట్టేనా?”

“చానా ఉన్నది సార్.”

“ఏ కేటగిరీ?”

“అన్నిటికంటె పైది.”

అధ్యక్షులవారు కృతజ్ఞతతో కుర్చీలో కూలబడ్డారు.

తెల్లారేసరికి మా మిలిటరీ తన యూనిఫాం వేసుకుని, పతకాలు తగిలించుకుని డ్యూటీకి వచ్చింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి అడుగులు కొలిచింది. ఒక కన్ను మూసి చూసింది.

“సార్, గీ దిమ్మె ఎన్క మనిషి దాక్కుంటె మీ గుమ్మం సీదా కనవడ్తది.”

“దాని మీద నా విగ్రహం వస్తది గద?”

“మీ విగ్రహం ఎన్క ఇద్దరు దాక్కోవచ్చు సార్.”

“అంటే నన్ను అడ్డం పెట్టుకొని నన్నే...”

“గదే సార్ కుట్ర.”

“మరి నువ్వే తీసెయ్!”

“ఫౌజ్ సొంతంగ ఏం చెయ్యదు సార్. ఆర్డర్ మీరే ఇయ్యాలె. కాయిదం మీద.”

సంఘం లెటర్‌హెడ్ మీద ‘నా భద్రత దృష్ట్యా’ అని మొదలుపెట్టి, దాన్ని కొట్టేసి, ‘జాతి భద్రత దృష్ట్యా’ అని దిద్ది, అధ్యక్షులవారు సంతకం చేశారు. నాలుగు గడ్డపారలతో మధ్యాహ్నానికి దిమ్మె పోయింది.

మర్నాడు ఎండ ముదరకముందే ఉప్పలమ్మ పడుగు వీధి పొడవునా తిన్నగా సాగింది. ఒక కొస పట్టుకునే భాగ్యం నాకు దక్కింది. పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిశ. అందులో గంజిని ఒక్క ఉండ కట్టనీయకుండా పొడుగాటి తెడ్డుతో తిప్పుతున్నాడు సిద్దయ్య. ఆ చేతి ఒడుపు చూసి అడక్కుండా ఉండలేకపోయాను.

“సిద్దయ్యా, ఫౌజ్‌ల నీ డ్యూటీ ఏముండె?”

“లంగర్ల వంట సార్. రెండు పూటలు, మూడొందల మందికి పప్పు.” తెడ్డు ఆగలేదు.

గంజి గిన్నె పట్టుకుని పోతూ ఉప్పలమ్మ నా దగ్గర ఆగింది. “సారూ, తిన్నవా?”

“ఇంకా లేదమ్మా.”

“తినకుంట గింత ఎండల నిలవడ్తరా?” అని తిట్టింది. నాకు హాయిగా అనిపించింది.

ఇంతలో మురళీమోహన్ గారు ఫొటోగ్రాఫర్‌తో సహా వచ్చారు. చేనేతకు అడ్డంకి తొలగించిన నాయకుడిగా పోగుల ముందు నిలబడి నాలుగు ఫొటోలు దిగారు. తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

“సిద్దన్నా, ముప్పు పోయినట్టేనా?”

సిద్దయ్య తెడ్డును ఎడమ చేతిలోకి మార్చుకుని, గంజి అంటిన కుడి చేత్తో సెల్యూట్ కొట్టాడు.

“ఇంక ఉన్నది సార్. ఫిబ్రవరిల వస్తది.”

“ఎంతమంది వస్తరు?”

“కాలనీ మొత్తం సార్. లైను కట్టి.”