పేరున్న బిందె

స్టీలు బిందె అమ్మితే దాని మీద పేరున్న మనిషి కూడా కొన్నవాళ్లకే చెందాలని రూలుంది కాబట్టి, పాత వస్తువుల ఆఫీసువాళ్లు పైడితల్లిని మంగళవారం మధ్యాహ్నం బిందెతో సహా హరిప్రియ ఇంట్లో దించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చే బిందె మీద పేరు కొట్టించడం అందరికీ ఉన్న అలవాటే. ప్లాస్టిక్ టబ్బు కోసం ఆ బిందెను పాత సామాన్లవాడికి వేసేటప్పుడు కోడలు రామనమ్మ అంచు మీది పేరు చదవలేదు, అంతే. ఇంట్లోవాళ్ల పేర్లు ఎవరు మాత్రం చదువుతారు?

హరిప్రియకు కొత్త సామాను గిట్టదు. పాతవాటిని ఇంకోలా మార్చి ఇల్లు సర్దుకుంటేనే తనేమిటో నలుగురికీ తెలుస్తుందని ఆమె నమ్మకం. కుట్టుమిషను బల్లను అప్పటికే వాష్‌బేసిన్ చేసింది. బిందెను బోర్లించి, అడుగున కన్నం పెట్టించి, లోపల బల్బు వేలాడదీసింది. ఆ రోజు నుంచి పైడితల్లి కడుపులో నీళ్లు నిలవడం లేదు.

నిబంధన ప్రకారం ఆమె దీపం పక్కనే గోడకానుకుని నిలబడాలి. వచ్చినవాళ్లు బిందెను చూసి, ఆమెను చూసి, "ఎంత ఒరిజినల్‌గా ఉందో!" అని ముచ్చటపడి ఫొటోలు తీసుకునేవారు. మెచ్చుకోవడానికేం, నోరుంటే చాలు. దాహంగా ఉందా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

"మా ఓడు ఒస్తాడమ్మా. నన్ను కాసింత గుమ్మం ఏపు తిప్పీ" అంది పైడితల్లి ఒకసారి.

"ఈ గోడకి మీరెంత బాగా కుదిరారో తెలుసా పిన్నిగారూ!" అంది హరిప్రియ ప్రేమగానే.

పదో రోజున అక్కడ పైడితల్లి ఇంట్లో కుళాయి గొట్టం ఊడిపోయి, "అమ్మా" అని కేకేస్తే ఎవరూ పలకకపోవడంతో కొడుకు గవరయ్యకు సంగతి తెలిసింది. పాత వస్తువుల ఆఫీసుకు పరిగెత్తాడు.

"మాయమ్మని తిరిగిచ్చీండి బాబూ."

గుమస్తా ఫైలు తిరగేశాడు. "కన్నం పెట్టేశారయ్యా. కన్నం పడ్డాక అది బిందె కాదు, కళ. వెనక్కి రావాలంటే ఇంట్లో దాని అవసరమేంటో ఈ గడిలో రాయాలి. ఏం చేసేది?"

"నీల్లు మోసీదండి."

"ఇప్పుడెవరు మోస్తున్నారు?"

"గొట్టం ఏసీసినామండి."

"మరింకేం అవసరం?"

గవరయ్యకు ఏడుపొచ్చింది. పెన్ను అందుకున్నాడు. అమ్మ అని రాయబోయాడు. అది అవసరం కాదని, సంబంధమని, సంబంధానికి ఆ ఫారంలో గడి లేదని గుమస్తా ఓపిగ్గా చెప్పాడు. భోజనాల వేళ కావడంతో గవరయ్య ఖాళీ గడి కింద సంతకం పెట్టి బయటికొచ్చాడు.

ఇల్లు చేరేసరికి గుమ్మం దగ్గర పాత సామాన్ల సంచి సిద్ధంగా ఉంది. అందులో తన పేరున్న అన్నం కంచం కనిపించింది. రామనమ్మ వంటింట్లోనే ఉంది, అడగొచ్చు. గవరయ్య అడగలేదు. కంచాన్ని తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, సొట్టపడకుండా సంచిలో సర్ది, కొనేవాళ్లకు కనబడేలా పేరున్న వైపు పైకి పెట్టాడు.